అక్క తలూపిన భోజనం

డులూత్, మే నెల

సిగ్నీ అక్కా,

ఎదురుపడితే నోరు జారుతుందని రాస్తున్నాను. చిన్నప్పట్నుంచీ నీ మాటంటే నాకు శిలాశాసనం.

పళ్ల డాక్టరు దగ్గర కౌంటర్లో నా మానాన నేనున్నానా? నువ్వే వచ్చావు. "మార్లిస్, కాలేజీలో ఆస్పత్రి మేనేజ్‌మెంట్ కోర్సులో చేరవే. పాఠాలన్నీ మా ఆస్పత్రి అడిగినట్టే పెడుతున్నారు. ఉద్యోగమిచ్చేదాన్ని నేనేగా, నీకేం భయం?" అన్నావు. ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చాక ఉన్న ఉద్యోగం వదిలేసి పిల్లకాయల పక్కన కూర్చున్నాను. బడ్జెట్లు, డ్యూటీ పట్టికలు, బీమా నిబంధనలు అన్నీ బట్టీ కొట్టాను.

తీరా చూస్తే? వార్డు మేనేజరు పోస్టుకి మా క్లాసులో ఒక్కరూ పనికి రాలేదు. మా కోర్సు మొహమే చూడని నర్సు వెర్నాకి ఇచ్చావు. పోనీ అదైనా భరించేదాన్ని. ఇంటర్వ్యూ గది బయట నువ్వు ఆవిడతో, "ఈ కాలేజీవాళ్లకి పట్టికలెయ్యడం వచ్చు గానీ మనుషులతో వేగడం రాదు" అని నవ్వావు. నా చెవులారా విన్నాను. ఆ పాఠాలు అడిగిందెవరే తల్లీ? నమ్మించి గొంతు కోశావు. పరాయివాళ్లు చేస్తే ఏడ్చి ఊరుకునేదాన్ని.

మార్లిస్

మార్లిస్‌కి,

తిట్టు, పడతాను. కాలేజీవాళ్లు ఏటా మా ఆస్పత్రులవాళ్లని భోజనానికి పిలిచి, "మీకెలాంటివాళ్లు కావాలి?" అని అడుగుతారు. నేనొక్కటే అడిగాను. "చదివేవాళ్లని మూణ్ణెల్లు వార్డులో నిలబెట్టండి. షిఫ్టు మారేటప్పుడు నాలుగు తిట్లు తిననివ్వండి" అన్నాను. కాలేజీ పెద్ద, డీన్ హోల్ట్ వెంటనే, "నేర్పడానికి మీ నర్సుల్నిస్తారా మరి?" అన్నాడు. మా నర్సులకి ఊపిరాడితేగా! "సర్లెండి, పట్టికలే నేర్పండి" అని తలూపి, చివర్లో పెట్టిన తియ్యటి బ్లూబెర్రీ పై ముక్క తినేసి వచ్చేశాను.

సీట్లు నిండకపోతే కోర్సు ఎత్తేస్తామన్నారు. ఆ మర్నాడే నీ దగ్గరికొచ్చాను. ఆ చదువు చాలదని తెలిసే వచ్చాను. ఇంతకన్నా దాచలేను.

సిగ్నీ

అక్కా,

నీ ఉత్తరంతో నా కోపం చల్లారుతుందనుకున్నాను. రెట్టింపైంది. ఇన్నాళ్లూ తెలియక చేశావనుకున్నానే! సీటు నింపడానికి నీకు చెల్లెలే దొరికిందా?

వంతెన అవతల సుపీరియర్ ఊళ్లో ఆస్పత్రిలో వార్డు గుమాస్తాగా చేరాను. మొదటిరోజే షిఫ్టు మారేవేళ ఒక రోగి కొడుకు, "మా నాన్నకి గుక్కెడు నీళ్లిచ్చే దిక్కు లేదా ఇక్కడ?" అని నామీద విరుచుకుపడ్డాడు. ఏం చెయ్యాలో తోచక బిక్కచచ్చిపోయాను. రెండేళ్లు చదివి! వెర్నా అయితే నిలబడిపోయేది కాదు. ఆవిడకి ఉద్యోగమిచ్చినందుకు మాత్రం నిన్నేమీ అనను.

ఈసారి భోజనానికి, చదివి ఉద్యోగం రానివాళ్ల తరఫున నాకూ ఒక కుర్చీ వెయ్యమని హోల్ట్‌ని పట్టుకుని వదల్లేదు. వేస్తానన్నాడు, నీకెదురుగానే. ఎలాంటివాళ్లు కావాలని ఆయన అడగ్గానే, "ముందు మీరు నేర్పడానికి ఎంతమంది నర్సుల్నిస్తారు?" అని మీ ఆస్పత్రులవాళ్లని నేనడుగుతాను. అప్పుడు నా మొహం చూస్తూ తలూపు, చూద్దాం.

కోపం పోని నీ చెల్లెలు,
మార్లిస్