బోటు అడుగున కారం

మచిలీపట్నం, గిలకలదిండి

సువర్ణత్తకి, నీ మేనకోడలు దుర్గ వణుకుతూ రాస్తున్నది.

...ఆ తెల్ల మూత దగ్గర ఆపాను కదా నిన్న. అమ్మ వచ్చేసింది, సగంలోనే మడిచి చేపల వ్యాన్ నాగబాబుకి ఇచ్చేశాను. నిన్నటిది ఏడుస్తూ రాశాను, నీకు అర్థమై ఉండదు. మళ్ళీ చెప్తా. ఫోన్ చేద్దామంటే నాది పరీక్షలయ్యేదాకా బీరువాలోనే. ఇంట్లో ఫోనైతే స్పీకర్ పెట్టేస్తారు.

మన బోటు అడుగున చిన్న ప్లాస్టిక్ చక్రం ఉంటుంది. బోటు వెళ్తుంటే నీళ్ళకి అది తిరుగుతుంది, పైన స్క్రీన్ మీద స్పీడు పడుతుంది. స్పీడ్ సెన్సర్ అంటారు. హార్బర్‌లో బోటు ఊరికే నిలబడితే దానికి నాచూ గుల్లలూ పట్టేస్తాయి. పట్టకుండా ఏం చెయ్యాలో దాంతోపాటు వచ్చిన పుస్తకంలో ఉంది. ఇంగ్లీషులో. "మా అమ్మాయి చదువుద్ది" అని నాన్న అందరి ముందూ నా చేతిలో పెట్టాడు.

చదివాను. బోటు ఆపినప్పుడల్లా సెన్సర్‌ని లోపల్నించి పైకి లాగి, ఆ కన్నానికి తెల్ల మూత బిగించాలంట. లాగినప్పుడు కొంచెం నీళ్ళు లోపలికి వస్తాయంట. కొంచెం అంటే ఎంతో రాయలేదు. బోటు అడుగున కన్నం, అత్తా. అందరూ మునిగిపోతున్నట్టే కనపడింది నాకు. "ఎప్పుడూ తియ్యొద్దంట నాన్నా" అని చెప్పేశాను. మూత నా స్కూల్ సాక్సులో దాచేశాను.

ఇప్పుడు చక్రానికి గుల్లలు పట్టి స్క్రీన్ మీద స్పీడు సగమే పడుతోంది. నాన్న బోటు నడిపే యలమంద మావయ్య మీద పడ్డాడు. "నిద్రపోతా నడుపుతున్నావా బావా?" అన్నాడు. "నిద్రపోతే నీకు నా గురక వినపడదా బావా?" అన్నాడు మావయ్య. ఇంకోసారి ఇలాగైతే మాన్పించేస్తాడంట. నన్ను భుజాలమీద ఎక్కించుకుని మొదటిసారి సముద్రం చూపించింది ఆయనే. ఏం చెయ్యమంటావు?

నీ దుర్గ

తా.క. ఇది చదివి చించెయ్యి. చించిన ముక్కల్ని మళ్ళీ చించు.


గుడివాడ

నా బంగారుతల్లి దుర్గకి, అత్త బోలెడు దీవెనలు.

ఏడవకు. ఇంత గ్రీజులో దండిగా కారం కలిపి ఆ చక్రానికి రాసెయ్. ఏ గుల్లయినా దగ్గరికి రావాలంటే ఆలోచించుకోవాలి. మా పెరట్లో పందికొక్కులు దీనికే వీధి మారిపోయాయి. నేను వెల్లుల్లి వేసి కొట్టించిన కారమే నాగబాబుకిచ్చి పంపుతున్నాను. వచ్చే వారం రంగులు వెయ్యడానికి బోటుని ఒడ్డుకి ఎక్కిస్తారు కదా. మళ్ళీ నీళ్ళలోకి దించేముందు ఇంటి ఆడపిల్ల పసుపు రాస్తుంది చూడు, అప్పుడు రాసెయ్. ఎవరికీ అనుమానం రాదు.

అయినా బోటు సగం స్పీడులో పోతోందని అన్నయ్య నాకొక్క మాట చెప్పలేదు. పరువు మరి. ఆయన సంగతి నేను చూస్తాలే.

మీ అత్త సువర్ణ

తా.క. కారం కాస్త మిగిల్చి మీ అమ్మకివ్వు. పప్పులోకి బాగుంటుంది.


గిలకలదిండి

అత్తకి, నీ దుర్గ ఇంకా బతికే ఉండి రాస్తున్నది.

కుడి చేత్తో పసుపు, ఎడం చేత్తో కారం రాశాను. "ఎంత భక్తే దీనికి, అడుగుదాకా దూరి మరీ రాస్తుంది" అని చిట్టెమ్మ అమ్మమ్మ మురిసిపోయింది. నేను తుమ్ముతూనే ఉన్నాను.

గ్రీజు ఎక్కువైపోయిందత్తా. చక్రం మొత్తానికే బిగుసుకుపోయింది. నిన్న వేటకెళ్ళి వచ్చేదాకా స్క్రీన్ మీద సున్నానే. నాన్న మావయ్యకి అది చూపించి, "పొద్దున్నించి ఒక్క అడుగు కదల్లేదు" అన్నాడు. "మరి ఒడ్డేమైంది బావా? అదే నడుచుకుంటా వెళ్ళిపోయిందా?" అన్నాడు మావయ్య. అందరూ నవ్వారు. అదే తప్పయింది. శనివారం నించి పనిలోకి రావద్దన్నాడు నాన్న.

మావయ్య పోతూ పోతూ నాకు ఎప్పటిలాగే జేబులోంచి బెల్లం జీడి తీసిచ్చాడు. తినలేకపోయాను.

నీ దుర్గ

తా.క. ప్రీఫైనల్స్‌లో ఇంగ్లీషుకి తొంభై రెండు వచ్చాయి. ఇంట్లో చెప్పకు, ఇంకో పుస్తకం తెచ్చిస్తారు.


గుడివాడ

నా చిట్టి దుర్గకి, అత్త శుభవార్తతో రాయునది.

బోటు కదలడమే లేదంటే నా గుండె ఆగిపోయిందే. కానీ దేవుడున్నాడు. అవనిగడ్డ గోవర్ధనరావు గారని మా ఎదురింటివాళ్ళ చుట్టం, హంసలదీవి దగ్గర బోటులో హోటల్ పెడతాడంట. కదలని బోటు కోసమే ఎప్పట్నించో తిరుగుతున్నాడు. కదిలేదైతే పులుసు ఒలికిపోద్దంట. శుక్రవారం వస్తాడు. అన్నయ్యకి ముందే చెప్పకు, బాధపడతాడు. యలమందని వంటలో పెట్టుకోమని కూడా అడిగాను, సరేనన్నాడు.

మీ అత్త సువర్ణ

తా.క. ఆ బోటు ఎప్పుడైనా మళ్ళీ కదలడం మొదలుపెడితే ఎలా ఆపాలని అడుగుతున్నాడు. పుస్తకంలో ఉందేమో చూసి రాయి.


గిలకలదిండి

అత్తా, ఈసారి ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియట్లేదు. నమస్కారం.

గోవర్ధనరావు గారు వచ్చారు. టేపు పట్టుకుని బల్లలు ఎక్కడ పడతాయో కొలుస్తుంటే నాన్న చూశాడు.

"ఎవరండీ మీరు?"

"సువర్ణ గారు పంపారండీ. కదలని బోటు మీదేనాండీ?"

నాన్న ఆయన్ని అలాగే కూర్చోబెట్టి, "తియ్యి బావా బోటు" అన్నాడు. సముద్రంలోకి వెళ్ళి వచ్చారు. స్క్రీన్ మీద సున్నా, గోవర్ధనరావు గారికి దారి పొడుగునా వాంతులు. దిగుతూ, "ఇది బాగా కదుల్తుందండీ, మాకొద్దండీ" అన్నారు. నాన్న మావయ్య భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పేం లేదు బావా, ఆ స్క్రీనే దొంగది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు మావయ్య లోపలికి దిగి సెన్సర్‌ని లాగేశాడు. నేను గట్టుమీద కళ్ళు మూసుకున్నాను. ఎవరూ మునగలేదు. అరచెయ్యి అడ్డం పెట్టి గుడ్డ కుక్కేశాడంట, చెంబుడు నీళ్ళు కూడా రాలేదు. దీనికా అత్తా నేను ఇన్ని రోజులు చచ్చింది.

కానీ ఆ గ్రీజు చేత్తోనే మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కేకలకి హార్బరంతా వచ్చింది. నాన్న చక్రం మీది గ్రీజు వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాడు.

"వెల్లుల్లి పడింది. ఇది మా సువర్ణ కారం."

అమ్మమ్మ ఒక్కొక్కటే కలుపుకుంటూ వచ్చింది. బోటు అడుగున పసుపు. కారం. సున్నా. కొనేవాణ్ణి కూడా నువ్వే పంపావు. నువ్వు మన బోటుకి చేతబడి చేయించావని ఇంట్లో తేల్చేశారు అత్తా.

నాన్న అరుగు మీద కూర్చుని, "నా చెల్లెలికి నేనేం తక్కువ చేశాను" అన్నాడు, అంతే. పొద్దున్నించి అన్నం ముట్టలేదు. ఇంక నీ గడప తొక్కడంట.

నువ్వు ఇప్పుడు ఇటు రావద్దు. నేనే చెప్పేస్తాను. నిజంగా. "నాన్నా, ఆ పుస్తకంలో" అనేదాకా అద్దం ముందు వచ్చింది, తర్వాత ప్రతిసారీ జడ విప్పి మళ్ళీ వేసుకుంటున్నాను.

నీ దుర్గ

తా.క. ఎవరో తలుపు కొడుతున్నారు. "దుర్గా, తియ్యవే. నా కారాన్ని మీవాళ్ళు ఏదో అంటున్నారంట, నాగబాబు చెప్పాడు." అత్తా, అది నీ గొంతే. నీ వెనక దగ్గుతున్నది నాన్న. ఈ ఉత్తరం నీ చేతికే ఇచ్చెయ్యొచ్చు గానీ నాన్న ఉన్నాడు, పరుపు కింద పెట్టేస్తున్నాను. సాక్సులోంచి మూత మాత్రం తీశాను. అది చేతిలో పట్టుకునే తలుపు తీస్తున్నాను.