రెండోసారి తీసిన చీటీ

జూన్ 9, సోమవారం

ముందు అందరి ఒంట్లో సంగతి. మా అమ్మాయి పుష్పలతకి బీపీ మళ్ళీ పెరిగింది, మాత్ర వేసుకోమంటే విసుక్కుంటుంది. అల్లుడు శ్యామ్ సుందర్ గారికి షుగరు, అయినా టీలో పంచదార మానరు. మనవరాలు నిఖితకి గొంతు నెప్పి తగ్గింది. పక్కింటి చిట్టెమ్మకి నడుం పట్టేసింది. నా మోకాలు సంగతి రాస్తే ఈ పేజీ చాలదు.

ఈ డైరీ నిఖిత ఇచ్చింది. నీ దిగుళ్ళన్నీ ఇందులో రాసుకో అమ్మమ్మా, మాకు టెన్షన్ తగ్గుద్ది అంది. నాది అయిదో క్లాసు చదువు. ఉత్తరం రాయడం ఒక్కటే వచ్చు, అందుకే కులాసాలతో మొదలెట్టేను.

అసలు దిగులు నిఖితే. నర్సు చదువు అయిపోయింది. పాడేరు పైన కొండల్లో ఒక మిషన్ ఆసుపత్రి వాళ్ళు పోస్టు ఇస్తామన్నారు. దాని మనసంతా అక్కడే వుంది. మా ఇంట్లోంచి ఒక్కరైనా దేవుడి పనికి వెళ్ళాలని రోజూ మోకాళ్ళ మీద అడిగింది నేనే. తీరా ఒకరు వెళ్తానంటే నా గుండె జారిపోయింది. జ్వరాలు, ఘాట్ రోడ్డు, ఒంటరి ఆడపిల్ల.

వాళ్ళ అమ్మానాన్నలకి ఎటూ తేలలేదు. చీట్లు వేద్దాం, అమ్మ తీస్తుంది అంది పుష్పలత. మా ఇంట్లో పెద్ద సంగతులన్నీ అలాగే తేలతాయి. ఉపవాసం వుండి, ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే గదిలో తలుపేసుకుని ప్రార్థన చేసి, రెండు చీటీలు కొంగులో కలిపి, కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. వచ్చిందే దేవుడి మాట. పుష్పలత పెళ్ళీ అలాగే ఖాయం చేసేం.

జూన్ 12, గురువారం, పొద్దున్న

తీసేను.

మొదట వెళ్ళు అని వచ్చింది. నిఖిత రాతే, గుండ్రంగా వుంది. చీటీలు సరిగ్గా కలవలేదేమో అనుకున్నాను. ఒకటి కొంగు మడతలో ఇరుక్కుందేమో అనుకున్నాను. ఎన్నైనా అనుకుంటాం. మళ్ళీ మడిచి, ఈసారి బాగా కలిపి తీసేను. ఉండు అని వచ్చింది. స్తోత్రం అని పైకే అనేసేను.

తలుపు తీసి అదే చూపించేను. నిఖిత చీటీ అందుకుని చూసింది. ఆయ్, దేవుడి చిత్తం అమ్మమ్మా అంది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అప్పుడే ఫోను చేసి నేను రాలేనండీ అని చెప్పేసింది. అత్తయ్యగారి చెయ్యి మంచి చెయ్యి అంటూ అల్లుడుగారు కోడి తెచ్చేరు.

జూన్ 13

కోడికూర ముట్టలేదు. ఉపవాసం నీరసం అని చెప్పేను. అదీ అబద్ధమే.

జూన్ 15, ఆదివారం

గుడిలో మా పాస్టరు ఎబినేజర్ అయ్యగారు ఏదెను తోట చెప్పేరు. మన అంబాజీపేటలో కొబ్బరితోటకి ముళ్ళకంచె వేస్తాం, దేవుడు తినొద్దన్న ఆ పండు చెట్టుకి కంచె వెయ్యలేదు చూసేరా అన్నారు. వద్దన్నాడు గానీ అడ్డం కట్టలేదు. వెళ్ళే వీలుండి కూడా ఆగితేనే విధేయత, రాటకి కట్టేసిన గేదె కదలకపోతే దాన్ని విధేయత అంటామా అన్నారు. అందరూ నవ్వేరు. నేను చాప అంచు పీకుతూ కూచున్నాను.

కంచె వేసింది నేను. పైగా దానికి దేవుడి పేరు తగిలించేను.

ఒక ఊహ వచ్చింది. ఆయన చిత్తం లేకుండా ఆకు కూడా రాలదంటారు కదా, మరి రెండోసారి కదిలిన నా చెయ్యి కూడా ఆయన చిత్తమేనా? ఆశ పుట్టింది. ఆరాధన అయ్యాక అయ్యగార్ని పక్కకి పిలిచి, ఎవరో ఒకావిడ ఇలా చేసిందంటండీ అని అడిగేను. అయ్యగారు నవ్వేసేరు. నచ్చితే దేవుడి మాట, నచ్చకపోతే చీటీ పొరపాటు, మనందరం అంతే కదా జ్ఞానమ్మగారూ అన్నారు. నవ్వు ఆపి, ఆవిణ్ణి ఇంట్లో వాళ్ళకి నిజం చెప్పెయ్యమనండి అన్నారు. ఆయ్, చెప్తానండి అన్నాను. చెవులు కాలిపోయేయి.

జూన్ 17

చిట్టెమ్మ నడుం పట్టుకుని వచ్చి కూచుంది. చీటీల సంగతి పుష్పలత చెప్పిందంట. మేవూ అమ్మవారి దగ్గర పువ్వు పెట్టి అడుగుతాం వదినగారూ, అయితే ఒక్కసారే, నచ్చలేదని రెండోసారి అడిగితే ఆ తల్లి ఊరుకోదు అంది. పాపం, దానికేం తెలుసు. కాఫీ తాగి వెళ్ళింది. మా దేవుడు ఊరుకున్నాడు. అదే భరించలేకుండా వున్నాను.

జూన్ 18

నిఖిత ఏడిస్తే బాగుండును. ఏడవదు. తెల్ల యూనిఫారాలు ఇస్త్రీ చేసి పెట్టె అడుగున పెట్టేసింది. సాయంత్రం ప్రార్థనలో, నన్ను ఆపినందుకు వందనాలు ప్రభువా అంది. నా పక్కనే, నా చెయ్యి పట్టుకుని అంది.

జూన్ 20

చెప్పలేదు. చెప్దామనే పిలిచేను. అది వచ్చి నిలబడగానే మోకాలికి మందు రాయమన్నాను. రాసింది.

జూన్ 22, ఆదివారం

చెప్పేను. అన్నం దగ్గర, అందరూ వుండగా. మొదట వెళ్ళు అనే వచ్చింది, నేనే మళ్ళీ తీసేను అన్నాను.

అల్లుడుగారు కలిపిన ముద్ద వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయేరు. పుష్పలత నెత్తి కొట్టుకుంది. దేవుణ్ణే మోసం చేసేవా అమ్మా, అయితే నా పెళ్ళి చీటీ ఎన్నిసార్లు తీసేవో చెప్పు అంది. ఒక్కసారే తీసేనే తల్లీ అన్నాను. నమ్మినట్టు లేదు. ఇక నన్నెవరు నమ్ముతారు.

నిఖిత కంచం పక్కకి జరిపింది. నువ్వు వద్దంటే ఆగేదాన్ని కదా అమ్మమ్మా, మధ్యలో దేవుణ్ణెందుకు లాగేవు అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండును.

మళ్ళీ చీట్లు వేద్దాం, ఈసారి నేను తీస్తాను అంది పుష్పలత. ఇంక చీట్లు వద్దమ్మా అంది నిఖిత. నావైపు తిరిగి, నీకేం కావాలి అమ్మమ్మా అని అడిగింది. నువ్వు వెళ్ళకూడదని వుంది, నాకు భయం అన్నాను. సిగ్గేసింది, అయినా చెప్పేను. ఆయ్, విన్నాను అంది. లేచి నా కంచం కూడా తీసింది.

జూన్ 24

వెళ్తానంది. పోస్టు ఇంకా ఖాళీగానే వుందంట, వచ్చెయ్యమన్నారంట.

దేవుడు చెప్పేడా అని అడిగేను. అడిగేను అమ్మమ్మా, ఏమీ అనలేదు, నేనే వెళ్తున్నాను అంది.

ఏమీ అనకపోతే ఎలా వెళ్తావే అన్నాను. వద్దనలేదు కదా అంది. ఇదేం విశ్వాసమో నాకర్థం కాలేదు. ఆ మాట అన్నప్పుడు మాత్రం దాని మొహం తేటగా వుంది. ఆ చీటీ చూసిన రోజు లేదు ఆ తేట.

పుష్పలత ఇంకా నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు. అల్లుడుగారు మాట్లాడుతున్నారు, అత్తయ్యగారూ అనకుండా.

జూన్ 30, సోమవారం

వెళ్ళింది. బస్సు ఎక్కేముందు నా తల మీద చెయ్యేసి తనే ప్రార్థన చేసింది. పెద్దదాన్ని నేను చెయ్యాలి. తల వంచి చేయించుకున్నాను.

జులై 21

అందరూ కులాసా. నిఖితకి జ్వరం రాలేదు. పుష్పలత మాత్ర వేసుకుంటుంది. అల్లుడుగారు నిన్న అత్తయ్యగారూ అన్నారు.

నిఖిత రమ్మంది. ఘాట్ రోడ్డు, వాంతులు, మోకాలు. ఆగస్టు 9 శనివారం వెళ్తున్నాను. చీటీ వెయ్యలేదు. దేవుడు ఏమీ అనలేదు.