బార్లీ నీళ్ల తర్వాత మాంసం ఎప్పుడు?

రహీమ్ భాయ్,

కరోనా ఏడు నాకు జ్వరమొస్తే, నేను కాచుకున్న మిరియాల కషాయం మోరీలో పారబోశావు. ఆ కోపం ఇంకా పోలేదు. "గర్మీ మీద గర్మీ పోస్తవా, పాగల్?" అని తిట్టి బార్లీ నీళ్లు తాగించావు, మాంసం ముట్టనివ్వలేదు. జ్వరమూ వేడే, మిరియమూ వేడే అని మీ ఇరాన్ వైద్యమట!

నువ్వు చనిపోయి నేటికి రెండేళ్లు. మన అల్ కుసైస్ పేటలో నీ మూలికల దుకాణం ఇప్పుడు నీ తమ్ముడు హసన్ చూస్తున్నాడు. వారం కిందట అతనికి జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. భయమేసి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. మాత్రలతో పాటు నీలాగే బార్లీ నీళ్లు, దానిమ్మ రసం పట్టించాను. నిన్న జ్వరం దిగింది. ఈ పొద్దున నన్నే దబాయించాడు: "బార్లీ ఖలాస్, బడే భాయ్! యల్లా, మటన్ లావో!"

జ్వరం దిగిన ఎన్నో రోజున మాంసం పెట్టాలో నువ్వు చెప్పనేలేదు. శుక్రవారం వండుతానని అతనికి మాటిచ్చాను. గురువారం సాయంత్రం దాకా నీ జవాబు కోసం చూస్తాను. ఎలా చెబుతావో నీ ఇష్టం, చెప్పి తీరాలి.