మేకను కట్టిన ఎర్త్ కడ్డీ

అమ్మా, నేను కులాసా, ఈ కీసీ కొండల ఉరుములూ కులాసా.

పోయిన వానల్లో పిడుగుకి మా ఆసుపత్రిలో పసిపిల్లల టీకాల ఫ్రిజ్ మాడిపోయిందని రాశాను కదా. కొత్తదానికి ఎర్ర దీపమున్న చౌక ప్లగ్గుపెట్టె చాలన్నాడు ఆసుపత్రి కమిటీ పెద్ద ఒంబాతి మామ. "దీపం వెలుగుతోందిగా పిల్లా, ఇంకేం కావాలి?" ఇక్కడి కరెంటు పని నాదే కదా, నేను పట్టుబట్టి మెయిన్ బోర్డులోనే పిడుగు పోటుని భూమిలోకి మళ్ళించే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించి, అది దిగే దారికి ఎర్త్ కడ్డీ కొత్తగా దింపించాను.

నిన్న మధ్యాహ్నం పక్క స్తంభం మీదే పిడుగు పడి కరెంటు పోయింది. ప్రొటెక్టర్ గుర్తు పచ్చ నుంచి ఎరుపుకి తిరిగింది.

"నీ సామాను వారానికే చచ్చిందే" అన్నాడు మామ.

"ఫ్రిజ్ చావు అది చచ్చింది మామా. కరెంటు రానీ, చూద్దువుగాని."

కరెంటొచ్చింది, ఫ్రిజ్ గుర్రుమంది. నర్సు కెముంతో అక్క నన్నెత్తి గిరగిరా తిప్పేసింది. ఎర్రబడ్డ ముక్క పీకి కొత్తది పెట్టాను. మామకిప్పుడు తన టీవీకీ ఒకటి కావాలట.

సెలవులకి మనింటికీ ఒకటి తెస్తాను. తమ్ముడు మేకనింకా ఎర్త్ కడ్డీకే కడుతున్నాడా? అది లాగి లాగి కడ్డీ కదిలిపోతే నేను తెచ్చేది గోడకి అలంకారమే. వేరే గుంజ పాతమను. టీ ఆకు బాగా తెగుతోందా? నీ మోకాలు ఎలా ఉంది?

నాన్నకి దండాలు. చోటు మారిందని అలగకుండా, మేకకి నా పేరు చెప్పి రెండు అరటాకులు ఎక్కువ వెయ్యి.

నీ గెసారే