పాలు పొంగేదాకా ఇంగ్లీషు

జూలై 6, ఆదివారం
పొద్దుటినుంచీ గాలి. తుంపర పడీ పడనట్టు. ఆవుల కొట్టం మీద లేచిపోతున్న రేకును తాడుతో బిగించి కట్టాను. తర్వాత మదనపల్లె బస్సు.

కరుణమ్మ టీచరు ఇంటి వసారా. మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన మనిషి. ఫీజు అడగరు. ఊరికే పోవడం ఎందుకని సంచిలో టమోటాలు తీసుకుపోయాను. చూసి నవ్వారు — "మదనపల్లెకు టమోటాలు మోసుకొచ్చేవాడివి నువ్వొక్కడివేనప్పా రెడ్డెప్పా."

ఈ రోజు మాట్లాడే పరీక్షకు అభ్యాసం. ఇద్దరిని జంటగా కూర్చోబెడతారట. నాకు జంట సునీత — మిషన్ ఆసుపత్రిలో నర్సు, తనూ ఇదే అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు పరీక్ష రాస్తోంది. ఊరికి ముందు ఏది అవసరం, పార్కా, గ్రంథాలయమా, బస్టాండా — ఇద్దరూ చర్చించి తేల్చాలి. సునీత పార్కు అంది. అవును, పార్కే అన్నాను. అంతే.

"పంచాయితీ అప్పుడే అయిపోయిందా?" అన్నారు టీచరు.

నిజానికి నా మనసులో గ్రంథాలయం ఉంది.

జూలై 7, సోమవారం
పాల కేంద్రంలో నేను రాసే ఉదయం లెక్కలు సరిపోయాయి. సాయంత్రం లెక్కలూ సరిపోయాయి. మధ్యలో రెండు పాత ప్రశ్నపత్రాలు చదివాను. చదవడం, రాయడం భయం లేదు. వినడం ఫరవాలేదు. మాట్లాడడమే.

కుప్పం స్కూలు మేడమ్ మాట మళ్ళీ గుర్తొచ్చింది. ప్రకటన చూసి నేను రాసిన ఉత్తరం చదివి పిలిపించి అన్నారు — డిగ్రీ లేకపోయినా సరే, ఈ పరీక్ష పాసయిన కాగితం తెండి, హాస్టల్ పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే ఉద్యోగం మీది, దసరా సెలవుల తర్వాత చేరండి అని. పదో తరగతి తర్వాత నా పేరు మీద ఏ కాగితమూ లేదు. పాత పేపర్లు, రేడియో, ఒక చినిగిన నిఘంటువు — నా కాలేజీ అదే.

మాట్లాడడం నేర్పే ఉద్యోగం. నాకు.

జూలై 9, బుధవారం
గాలి తగ్గలేదు. ఒక వ్యాసం రాశాను. దిద్దుకున్నాను.

జూలై 13, ఆదివారం
మదనపల్లె. మళ్ళీ సునీతతో జంట. ఈసారి ఆమె ఏమన్నా వెంటనే ఒప్పుకోకూడదని ముందే అనుకున్నాను. ఆమె ఒక మాట అంది. నేను తల ఊపాను. టీచరు పెన్ను బల్ల మీద పెట్టేశారు.

"యాలప్పా తల ఊపుతావు? కాదని చెప్పు."

కాదనడం ఎలాగో తెలియడం లేదన్నాను. ఇంగ్లీషులోనా, అన్నారు. కాదు టీచర్, ఏ భాషలోనూ అన్నాను. సునీత నోటికి అడ్డంగా చేయి పెట్టుకుంది.

మా ఇంట్లో ఎదుటి మనిషి ముఖాన కాదనడం లేదు. నాన్న సంబంధం మాట్లాడినా, ఎద్దు బేరం మాట్లాడినా అప్పటికి తల ఊపి వచ్చేసేవాడు. ఇష్టం లేకపోతే మర్నాడు వేరే మనిషితో చెప్పి పంపేవాడు. ఊరంతా అంతే. అవతలివాళ్ళు కూడా మర్నాటిదాకా చూసి గాని నమ్మేవాళ్ళు కాదు. ఈ పరీక్షలో మర్నాడు లేదు. చెప్పి పంపడానికి మనిషీ లేడు.

ఇంకో లోపం — సునీత ముఖం చూడకుండా నేల చూసి మాట్లాడుతున్నానట. పెళ్ళయిన ఆడమనిషి. ఎట్లా చూసేది? "కండ్లు కాకపోతే నుదురు సూడు నాయనా," అన్నారు టీచరు.

జూలై 15, మంగళవారం
ఒక్కడినే ఒక నిమిషం ఆపకుండా మాట్లాడే భాగం కూడా ఉంది. రెండు ఫోటోలు చూపిస్తారు, పోల్చి చెప్పాలి. నాలుగు వాక్యాలకు నా సరుకు అయిపోతోంది.

ఇంటికొచ్చి మా ఆవిడ మంజులతో చెప్పాను. ఆమె పాల గిన్నె పొయ్యి మీద పెట్టి, పేపరులో రెండు బొమ్మలు నా ముందు పడేసి — "పాలు పొంగేదాకా ఆపొద్దు. ఆపితే కాఫీ లేదు."

నీకు ఇంగ్లీషు రాదు కదా, తప్పు చెప్తే ఎట్లా తెలుస్తుంది అన్నాను.

"తప్పుతో నాకేం పని. ఆపినావా లేదా, అంతే."

మూడుసార్లు ఆగాను. అయినా కాఫీ ఇచ్చింది. చక్కెర లేకుండా.

జూలై 18, శుక్రవారం
వీధిలో వార్త — రెడ్డెప్ప పొయ్యికి ఇంగ్లీషు నేర్పుతున్నాడని. పాల కేంద్రంలో వెన్న శాతం చూసే మునెప్ప పొద్దున్నే అందుకున్నాడు. "ఏమప్పా, పొయ్యి పాసయిందా? మా ఇంట్లో గ్యాసుది. దాన్ని గూడా సేర్చుకుంటావా?" ఫీజు ఎక్కువ అన్నాను. నేను ఎదురు మాట అన్నందుకు వాడే ఆశ్చర్యపోయాడు.

జూలై 21, సోమవారం
తుంపర. రెండావుల్లో చిన్నదానికి కాలు వాచింది. పసుపు, సున్నం పట్టు వేసింది మంజుల. సాధన లేదు.

జూలై 24, గురువారం
ఆవు లేచి తిరుగుతోంది. మంచి రోజు.

సాయంత్రం బొమ్మలు — ఒకదాంట్లో వర్షంలో బస్సు కోసం నిలబడినవాళ్ళు, ఒకదాంట్లో రైలులో నిద్రపోతున్న ముసలాయన. మొదలుపెట్టాను. ముసలాయన ఏ ఊరు దిగాలో, దిగే ఊరు దాటిపోయిందేమో, పక్కవాళ్ళు లేపుతారో లేదో... ఎక్కడికో పోయాను. మాడుతున్న వాసన వచ్చి చూస్తే పాలు పొంగి పొయ్యి ఆరిపోయి ఉంది. మంజుల గిన్నె పక్కనే ఉండి కూడా చూడలేదు. నా వైపే చూస్తోంది.

ఏమైంది అన్నాను.

"ఏం లేదు. నువ్వు ఇంతసేపు మాట్లాడేది పెండ్లయినప్పట్నుంచి సూడలా."

ఏం అర్థమైంది అని అడిగితే, "ఎవరో పాపం ముసలాయన," అంది.

పొయ్యి నేనే కడిగాను.

జూలై 27, ఆదివారం
మదనపల్లెలో మంచి వాన. టీచరు వసారాలోకి జల్లు కొడితే కుర్చీలు లోపలికి జరుపుకున్నాం.

ఈ రోజు కాదన్నాను. సునీత ఆసుపత్రికి ముందు కొత్త భవనం కావాలంది. నాకు అట్లా అనిపించడం లేదు, ముందు నర్సులు కావాలి అన్నాను. ఆమె నుదురు చూసే అన్నాను. ఆమె నొచ్చుకోలేదు సరికదా, "అమ్మయ్య, ఇప్పుడు మాట్లాడేదానికి ఏదో ఒకటి దొరికింది సార్," అంది.

టీచరు మాత్రం పూర్తిగా తృప్తిపడలేదు. కాదన్నావు, బాగుంది, మరి ఆ అమ్మాయి ఏమనుకుంటాందో అడిగినావా, అన్నారు. మనం చెప్పడం సగం. వాట్ డు యూ థింక్ అని ఎదుటి మనిషిని అడగడం ఇంకో సగం. దానికి వేరే మార్కులట.

వచ్చే బస్సులో అదే తిరిగింది. అడిగినావా... అడిగినావా...

కుప్పం విషయం మంజులకు మొదట్లోనే చెప్పాను. ఉద్యోగం ఇట్లా, ఇల్లు మారాలి, దసరా తర్వాత — అన్నీ చెప్పాను. అడగలేదు.

జూలై 28, సోమవారం
మంజుల పాలు పితికి లేచింది. అప్పుడడిగాను. కుప్పం పోవడం గురించి నువ్వేమంటావు?

చెంబు కింద పెట్టింది.

"ఇప్పుడా అడిగేది?"

ఇప్పుడే అన్నాను.

"నా రెండావులు యాడ కట్టేది? పాలు పోయించుకునే ఇండ్లు ఆడ ఎవురుండారు? ఇయన్నీ నువ్వు అనుకున్నావా?"

అనుకోలేదు అన్నాను.

"అడిగినావు గదా. ఆలోసించుకోనీ."

జూలై 29, మంగళవారం
ఆలోచిస్తోంది. మాట్లాడుతూనే ఉంది, అన్నిటి గురించీ. అది తప్ప.

ఆగస్టు 3, ఆదివారం
మదనపల్లె పోలేదు. మంజుల అన్న చౌడేపల్లె నుంచి వచ్చాడు. ఆమె వద్దనుకుంటే అన్నతోనే చెప్పిస్తుందని నా లెక్క. అదే కదా పద్ధతి. భోజనం చేశాడు, ఆవు కాలు చూశాడు, తౌడు ధర గురించి చాలా మాట్లాడాడు. నేను ప్రతి మాట వెనుక ఇంకో మాట ఉందేమో అని వెతుకుతూ కూర్చున్నాను. బస్సెక్కిస్తూ ధైర్యం చేసి, మంజుల ఏమైనా చెప్పిందా బావా అన్నాను.

"ఏం సెప్పాల? తౌడు గురించా?"

అంటే చెప్పలేదు.

ఆగస్టు 6, బుధవారం
కరుణమ్మ టీచరు ఫోను. "శనివారం పరీక్షకు టమోటాలు తీసకపోవద్దప్పా. పెన్ను, గుర్తింపు కార్డు తీసకపో." ప్రార్థనలో నా పేరూ చెప్తున్నారట. సునీతకు వేరే తేదీ పడింది. ఎవరితో జంటో తెలియదు.

ఆగస్టు 9, శనివారం, బెంగళూరు నుంచి తిరిగి వచ్చాక
మబ్బు, చలి. చీకటితో లేచి బస్సు. మంజుల సద్దిలో చిత్రాన్నం కట్టింది. కోలారు దాటాక తిన్నాను.

చదివే భాగం బాగా వచ్చింది. రాసేదీ బాగానే. వినేది ఒకటి రెండు చోట్ల జారింది.

మాట్లాడే గదిలో నాకు జంట ఒక బెంగళూరు కుర్రవాడు. కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి. చక్కటి ఇంగ్లీషు, ఆపడు. పనిచేసేచోట మనిషిని సంతోషంగా ఉంచేది ఏది, జీతమా, విరామమా, మెప్పుకోలా, పక్కవాళ్ళా — చర్చించి తేల్చమన్నారు. అతను జీతం అని మొదలుపెట్టి రైలులా పోతున్నాడు. నేను తల ఊపుతున్నాను. ఊపుతున్నట్టు నాకే తెలిసింది. కరుణమ్మ టీచరు పెన్ను కనిపించింది.

అతని మాట మధ్యలో చేయి ఎత్తి ఆపాను. క్షమించండి, నేను ఒప్పుకోను అన్నాను. ఇంగ్లీషులోనే. జీతం నెలకు ఒకసారి వస్తుంది, పక్కన కూర్చునే మనిషి రోజూ వస్తాడు అన్నాను. మునెప్ప సంగతి చెప్పాను, పేరు లేకుండా. తర్వాత మీరేమంటారు అని అడిగాను. అతను ఆగి ఆలోచించాడు. కొంచెం నెమ్మదిగా మాట్లాడాడు ఆ తర్వాత. ఇంకా తేల్చకముందే సమయం అయిపోయింది. తేల్చకపోతే మార్కులు తీసేస్తారేమో తెలియదు.

బయట వరండాలో అతని దగ్గరకు పోయి, మధ్యలో ఆపినందుకు ఏమీ అనుకోవద్దు అన్నాను. "అయ్యో అంకుల్, నాకే ఊపిరాడడం లేదు. మీరు ఆపితే బతికిపోయా," అన్నాడు. చూస్తే తెలుగువాడే. అనంతపురం.

ఆగస్టు 10, ఆదివారం
అలసట. హాయిగా ఉంది. పాల కేంద్రంలో నిన్నటి లెక్క మునెప్ప రాసిపెట్టాడు. కూడికలో తప్పు, దిద్దాను. పరీక్షలో నీ గురించి చెప్పినాను అన్నాను. "మంచిగానా?" అన్నాడు. పాసయితే మంచిగానే అన్నాను. పొద్దంతా అనుమానంగా చూశాడు.

ఆగస్టు 20, బుధవారం
కుప్పం. స్కూలు మేడమ్ రమ్మన్నారు, ఫలితం రాకముందే ఒక తరగతి చెప్పి చూపించమని. బయలుదేరుతుంటే మంజుల చీర మార్చుకుని వచ్చి, నేనూ వస్తాండాను అంది. ఎందుకు అని అడగలేదు.

పలమనేరు, వి.కోట, శాంతిపురం. దారి పక్కన గ్రానైట్ దిమ్మెలు, వాటి మీద ఆరేసిన బట్టలు. మంజుల కిటికీ నుంచి ప్రతి కొట్టాన్నీ చూస్తూ వచ్చింది.

తరగతి బాగా జరిగింది. పిల్లలు ముందు నాలాగే నేల చూశారు. నుదురు చూడమని చెప్పాను. నవ్వారు. తర్వాత ఒకరి మాట ఒకరు కాదనమన్నాను — దోసె మంచిదా, ఇడ్లీ మంచిదా. గంట కొట్టినా ఆపలేదు. మేడమ్ గుమ్మంలో నిలబడి విన్నారు. పోస్టు మీకోసం పెట్టి ఉంచాను, కాగితం ఒక్కటే తక్కువ, అది లేకపోతే మా యాజమాన్యం ఒప్పుకోదు అన్నారు.

బయటికొస్తే మంజుల లేదు. స్కూలు వెనక వీధిలో ఒక ఇంటామెతో మాట్లాడుతోంది. బాడుగ ఇల్లు చూసిందట నేను పాఠం చెప్పే వేళకు. నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయట. వెనక ఖాళీ జాగా ఒక ఆవుకు సరిపోతుంది, రెండింటికి చాలదు. ఇంటామె ఆవు వాసన పడదంటే, "పాలు పడతాయి గదా అమ్మా," అందట.

వి.కోటలో టీ తాగేటప్పుడు, ఎట్లుంది అన్నాను.

"టీనా?"

గ్లాసు తిరిగిచ్చి బస్సెక్కింది. బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

ఆగస్టు 27, బుధవారం
వినాయక చవితి. వాన. వీధి పందిరి కారుతుంటే పిల్లలు విగ్రహానికి గొడుగు పట్టారు. ఉండ్రాళ్ళు బాగున్నాయి. సాయంత్రం పేపరు బొమ్మ చూసి ఒక నిమిషం మాట్లాడాను, అవసరం లేకపోయినా. అలవాటైంది.

ఆగస్టు 31, ఆదివారం
టీచరు దగ్గరికి ఊరికే పోయాను. ఫలితం ఏదైనా ఆదివారం మానొద్దు అన్నారు. సునీత పరీక్ష కూడా అయిపోయింది. ఎగ్జామినర్‌నే కాదన్నానని చెప్పి పగలబడి నవ్వుతోంది.

సెప్టెంబర్ 4, గురువారం
మబ్బు. ఉదయం పాలు పోసి వచ్చాను. గడ్డి మోపు వచ్చింది, వాకిట్లో దించారు.

ఫలితం వచ్చినట్టు ఫోనులో మెసేజి. నంబరు కొట్టి చూడాలి. మెట్టు మీద కూర్చున్నాను, నంబరు కొట్టాను, చివరి బటన్ నొక్కబోతున్నాను. మంజుల వచ్చి ఫోను మీద చేయి మూసింది.

"నా మాట ఇనుకోని సూడు."

తర్వాత చెప్పు, ఒక్క క్షణం పని అన్నాను.

"కాదు. అది సూసినాక నేనేం సెప్పినా, పాసయినావని సెప్పినట్టో, తప్పినావని సెప్పినట్టో ఉంటాది. నేను అనుకున్నది నేను సెప్పాల. అడిగినావా లేదా?"

అడిగాను.

"ఐతే ఇను."

ఫోను తీసి తన ఒడిలో బోర్లా పెట్టుకుంది. నా ఎదురుగా కింది మెట్టు మీద కూర్చుంది, నా ముఖంలోకి చూస్తూ. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. తల ఊపలేదు నేను. చెప్పమన్నాను. ముందు చిన్నావు సంగతి చెప్తానంది, తర్వాత కుప్పం ఇల్లు, ఆ తర్వాత నా సంగతి అంది. ఒక్క నిమిషం, ఇంత వరకు రాసుకుని వస్తానని లోపలికి వచ్చాను, అక్కడి నుంచే పిలుస్తోంది. వాకిట్లో గడ్డి మోపు తడుస్తోంది, దాన్ని కొట్టంలోకి వేసి, ఫోను చూడకముందే ఆమె మాట వినాలి.