కంపెనీ కాయితంల కొడుకు

గోదావరిఖని,
12-3-1978

పూలక్కకు చెల్లె సారలమ్మ దండం పెట్టి రాయునది. శ్రీరాంపూర్‌ల నువ్వు, బావ, పిల్లలు బాగున్నరని అనుకుంటున్న. మేమూ కుశలమే అని రాయాల్సిన జాగల ఏం రాయాలెనో తెలుస్తలేదు. ఆ వరుస విడిచిపెడుతున్న.

నాయన దినాలైన మూడోరోజే కొమురెల్లన్న సదయ్య కాకను, పట్వారీని క్వార్టర్‌కు తోలుకొచ్చిండు. పంపకాలల్ల నాయన పాలికొచ్చిన తాతల భూమి, నాలుగెకరాలు, తన పేర పట్టా కావాలెనట. అవ్వకు సంగతి అర్థంగాక వాళ్లకు చాయ పోసిచ్చింది. సదయ్య కాక కొడుకు మా నాయనకు వారసుడెట్లయితడని నేనడిగిన. కాక రెప్ప గూడ కొట్టకుండ, పాలు తాగే ఈడులనే వాణ్ని మీ నాయనకు దత్తత ఇచ్చిన, మీరు పుస్తకాలల్లవడి మరిచిపోతే నేనేం చెయ్యాలె అన్నడు. కొమురెల్లన్న నవ్వుకుంట, నీకేం ఫికర్ చెల్లె, రేపు లగ్గమైతే పోయేదానివి, ఏ మొగని ఇంటికి మోస్తవు ఈ మట్టి అన్నడు.

ఐదేండ్ల కింద నాయనకు దమ్ము రోగం పెరిగి బొగ్గుబాయి పనికి అన్‌ఫిట్ అయినప్పటి సంగతి నీకెరుకే. ఆ నౌకరి కొడుక్కే ఇస్తమని కంపెనీ వాళ్లన్నరు. మనమేమో ఇద్దరం ఆడపిల్లలం. నౌకరి బయటోళ్ల పాలు గావద్దని నాయన కొమురెల్లన్నను కొడుకని కంపెనీ కాయితంల రాయించి ఇచ్చిండు. ఈ కాలనీల అట్ల కొడుకులైనోళ్లు వాడకిద్దరున్నరు, ఎవరూ తప్పనుకోరు. నౌకరితోపాటు క్వార్టర్ గూడ ఆయన పేరనే అయ్యింది.

మొన్న పెద్దపల్లి పోయి వకీలును కలిసిన. కొడుకు లేడంటే భూమి నాయన భార్యగ అవ్వకు, బిడ్డలుగ నీకు, నాకు సమానమట. దత్తత కొడుకున్నడంటే సగం ముందుగాల్నే ఆయనది, మిగిలిన సగంల మళ్ల మనతోపాటు ఆయనకో పాలు. మనకు మిగిలేది పొలం గెట్లు. పైగా కొమురెల్లన్న సాక్ష్యంగ చూపే ఆ కంపెనీ కాయితంల మన అక్కచెల్లెండ్ల పేర్లే లేవట. దత్తత అబద్ధమని కేసు వేయొచ్చు గని, ఆ మాటతోనే ఆయన నౌకరి పోతది, క్వార్టర్ పోతది, మీ అవ్వ యాడుంటది, ఆలోచించుకోండ్రి అన్నడు.

అవ్వ మంచం ఇప్పటికే వరండాలకొచ్చింది. వదినె రాత్రి తలుపు గడియ పెట్టుకుంటది. నా పాలు నాకిప్పియ్యుండ్రి, చేన్ల గుడిసేసుకోని సస్త అని అవ్వ ఒక్కటే మాట.

సోమవారం వచ్చి కేసు కాయితాల మీద సంతకం పెట్టు. ఇంటోళ్ల మీద కోర్టేందని బావ గునుస్తడు. అయినా రా.

ఇట్లు,
నీ చెల్లె
సారలమ్మ

తా.క. అక్కా, నాయన ఆ కాయితం రాయించింది నాతోనే. పదో తరగతిల ఉన్న అప్పుడు. సంతానం అన్నకాడ కొమురెల్లన్న పేరు రాసి, కింద నీ పేరు మొదలుపెట్టబోతే, ఆడపిల్లల పేర్లు చూస్తే ఇంటికొచ్చి ఆరా తీస్తరు, ఒక్కడే అని రాయి బిడ్డా అన్నడు. రాసిన. దస్తూరి బాగుందని నాయన మురిసిండు గూడ. రాసినోళ్లు బతికుండి, అది అబద్ధమని కోర్టుల ఒప్పుకుంటే భూమి మీదే, గని రాసినందుకు వాళ్లు జైలుకు పోవుడు ఖాయం అన్నడు వకీలు. ఎవరు రాసిన్రని అడిగిండు. తెల్వదని చెప్పి బస్సెక్కిన.