రంగు తగలని చోటు

సోమవారం, ఓడల మరమ్మతు డాకు మెట్ల మీద నుంచి

నాన్నా,

ఒళ్ళో చెక్క పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టకు. ఓడల మాట ఎత్తితే చాలు, ఉత్తరం మడిచి పక్కన పెట్టేస్తున్నావట, నీ దగ్గరున్న మేనత్త చెప్పింది. దీన్ని మాత్రం చివరిదాకా చదువు.

ఆ ఓడ వచ్చింది. ఏ ఓడో నీకు చెప్పక్కర్లేదు.

నిన్న పొద్దున్న డాకు గొయ్యి లోపలికి తెచ్చాం. అది కూర్చునే దిమ్మలు అంతకుముందే నేను పేర్చాను, ఒక్కొక్కటీ మూడేసిసార్లు కొలిచి. డాకు తలుపు మూసి నీళ్ళు తోడుతుంటే మెట్ల మీద నిలబడి కళ్ళప్పగించి చూశాను. ఇన్ని ఓడలు చూశాను కదా, అయినా ఆ సమయానికి కొత్తగానే ఉంటుంది. అంత బరువూ చప్పుడు లేకుండా అంగుళం అంగుళం దిగి, మనం చేత్తో చెక్కిన దిమ్మల మీద కూర్చుంటుంది. కూర్చోగానే దిమ్మలన్నీ ఒక్కసారి కిర్రుమంటాయి. ఏ కాలంలోనో ఈ గొయ్యి తవ్వి రాళ్ళు పరిచినవాళ్ళెవరో గానీ, వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

నాచు, గవ్వలు గీకేసి కడిగాక కిందికి దూరాను. తలకి జానెడు పైన మొత్తం ఓడ. ఊపిరి పీల్చడానికి కూడా భయం వేసేంత పెద్దది. అక్కడ వెల్లకిలా పడుకుని పోయినసారి దిమ్మల గుర్తులు వెతికాను. దిమ్మ మీద కూర్చున్న చోట రంగు వెయ్యడం కుదరదు కాబట్టి, ఓడ మళ్ళీ వచ్చేదాకా ఆ చదరం రంగు లేకుండానే ఉంటుంది. ఈసారి దిమ్మలు, అడుగు రేకుని లోపలినుంచి మోసే పక్క ఎముకల కిందికి జరిపి పేర్చాను కాబట్టి పాత చదరాలన్నీ బయటపడ్డాయి. ఇది నాకు నేర్పింది నువ్వే.

అయిదేళ్ళుగా ఈ రోజు కోసమే చూశాను నాన్నా. అప్పుడు నువ్వు పేర్చిన దిమ్మల మీది నుంచి ఆ ఓడ నీటి మీదికి వెళ్ళాక కదా, ఒక దిమ్మ ఎముక కింద కాకుండా ఖాళీలో పడి రేకు నొక్కుకుపోయిందని తెలిసింది. అప్పటికి దిమ్మలన్నీ తీసేసి ఇంకో ఓడకి పేర్చేశాం. నువ్వేమో, నా దిమ్మలు సరిగ్గానే ఉన్నాయి, డాక్ మాస్టరే ఓడని జానెడున్నర ముందుకి ఆపాడు అన్నావు. రసమట్టంలా కన్ను తప్పదని పేరున్న రసమట్టం మేస్త్రివి, నీ మాట ఎవరు కాదంటారు? డాక్ మాస్టరైన మావయ్యని ఏడాదిపాటు డాకు పని నుంచి తప్పించి గోదాములో కూర్చోబెట్టారు. అమ్మ పోయాక నాకు జడలు వేసిన అత్తయ్య, ఆయన పెళ్ళాం, దారిలో కనిపిస్తే నేను మొహం తిప్పుకుని పోయాను. నువ్వు పని మానేసి వెళ్ళిపోతే, తప్పు నీదేనేమోనని కొందరు గొణిగారు; ఆ మచ్చ కడిగి తీరతానని అందరితో పోట్లాడి ఈ పనిలో చేరాను.

ఓడని ముందుకి ఆపి ఉంటే చదరాలన్నీ జరిగి ఉండాలి. అన్నీ ఎముకల కిందే ఉన్నాయి నాన్నా, గీత గీసినట్టు. ఒక్కటే జానెడున్నర పక్కకి ఉంది. నాలుగుసార్లు కొలిచాను. టేపు తప్పేమోనని ఇంకో టేపు తెచ్చాను. పైన ఆ రేకు, మధ్యలో ఆ చిన్న చదరం. అబద్ధం ఆడటం రాని వస్తువు ముందు పడుకున్నానని అప్పుడు అర్థమైంది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

శుక్రవారం రంగు వేస్తారు. వేశాక ఆ చదరం ఉండదు, చూసింది నేనొక్కదాన్నే. కళ్ళు మూసుకుని ఊరుకుందామని ఒక పూట అనుకున్నాను, దాచను. ఊరుకోలేను. నువ్వే మావయ్యకి నిజం చెబితే సరే, లేదంటే గురువారం నేనే మావయ్యని చెయ్యి పట్టుకుని ఓడ కిందికి తీసుకెళ్తాను. నీ మీద ప్రేమ తగ్గిందనుకోకు. తగ్గితే బాగుణ్ణు, ఇంత కష్టం ఉండేది కాదు.

నీ
మొండిఘటం


బుధవారం

మొండిఘటానికి,

ఉత్తరం చివరిదాకా చదివాను. రెండుసార్లు.

నువ్వు కొలిచింది కరెక్టే. నాకు కొలవాల్సిన పని కూడా లేదు. ఆ రోజు ఆ చోట డాకు అడుగు రాయి కుంగి ఉంది. గట్టి రాయి మీదికి దిమ్మ జరిపి, మీ మావయ్యకి చెబుదామనుకున్నాను. చెప్పకపోయినా ఏం కాదులే, నా కన్ను ఉందిగా అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు అందరూ రసమట్టం, రసమట్టం అంటే తలకెక్కింది తల్లీ.

అయినా రేకు నొక్కుకుందని తెలిసిన పూటే ఒప్పుకుందామని మెట్లు దిగాను. అప్పటికే నువ్వు అక్కడ అందరి ముందూ నిలబడి, "మా నాన్న పెట్టిన దిమ్మ వెంట్రుకవాసి కూడా కదలదు, తప్పంటే ఊరుకోను!" అని అరుస్తున్నావు. ఆ మాట విన్నాక నా నోరు పెగల్లేదు. నీ మీద నెట్టడం లేదు. నోరు నాది, పిరికితనం నాది. మొహం చెల్లకే ఊరు వదిలాను. ఓడల మాట వింటే ఉత్తరం మడిచేది కోపంతో కాదు, సిగ్గుతో.

నిన్న నీ ఉత్తరం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నేను పెంచిన పిల్ల, నన్ను ఇంత ఇష్టపడే పిల్ల, నా తప్పుని నాలుగుసార్లు కొలిచి నాకే రాసింది. ఓడలు దిగడం లేవడం చూసిన కళ్ళే ఇవి. ఇంత గొప్ప సంగతి మాత్రం చూడలేదు. నువ్వు ఎవరి పోలికో నాకు అంతుపట్టలేదు, నా పోలిక మాత్రం కాదు.

మీ మావయ్యకి విడిగా ఉత్తరం రాసి, ఈ ఉత్తరం తెస్తున్న బస్సు డ్రైవరు చేతికే ఇచ్చాను. నీకు ఇది అందేసరికి ఆయనకీ అందుతుంది. నువ్వు చెప్పాల్సిన పని లేదు. రేపు పొద్దున్న బస్సులో వస్తున్నాను. ఆయనని ఓడ కిందికి తీసుకెళ్ళి ఆ చదరం నా వేలితో చూపిస్తాను. ఆఫీసులో కాగితం మీద కూడా రాసిస్తాను.

ఆయన ఏమంటాడో తెలియదు. తిట్టొచ్చు, మొహం మీద ఉమ్మొచ్చు. డాకులో అందరూ వింటారు. నీకు ముక్కు మీద కోపం, నాకు తెలుసు. నువ్వు అడ్డం రాకు. ఈసారి నా తరఫున మాట్లాడకమ్మా. నా పక్కన నిలబడు, చాలు.

నాన్న